రేకు కొట్టిన కిటికీ

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా వాళ్లందరూ అంటారు. ఉంటే ఉండనివ్వండి. ఆ కోపమే లేకపోతే నేను జన్మలో రంపం పట్టేదాన్ని కాదు. డెబ్బైల మొదట్లో, పెళ్లయిన మూడో నెలలో, లింగంపల్లిలో ఒక అద్దెగదిలో కూర్చుని గోడకేసి చూసి చూసి ఒళ్లు మండి, కిటికీ నేనే చేసుకుంటానని మొదలుపెట్టాను. అంతకుముందు చెక్కతో నాకున్న పరిచయమల్లా పీట వేసుకుని కూర్చోవడమే.

మావారికి బొంబాయి రోడ్డు పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం. స్టోర్సులో గుమస్తా. క్వార్టర్లు సీనియర్లకే ఇచ్చేవారు కాబట్టి, కొత్తగా చేరినవాళ్లందరూ చుట్టుపక్కల ఊళ్లలో గదులు వెతుక్కునేవారు. మాకు దొరికింది స్టేషనుకి కూతవేటు దూరంలో ఒక రైతు ఇంటి వెనక గది. ముందుభాగంలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండు బర్రెలూ కొంచెం జొన్నచేనూ ఆమే చూసుకునేది. మేం బయటికి వెళ్లాలంటే ఆమె వాకిట్లోంచి, ఆమె బర్రెల పక్కనుంచి వెళ్లాల్సిందే.

ఆ గదికి ఒకటే తలుపు. వెనక గోడలో కిటికీ కోసం చోటు వదిలారు గానీ, కిటికీ పెట్టేలోపే ఇంటాయన కాలం చేశాడట. పాములు రాకుండా బయటినుంచి ఇంత రేకు కొట్టేసి వదిలేశారు. ఎండాకాలంలో ఆ రేకు ముట్టుకుంటే చేయి కాలేది. కిరసనాయిలు స్టవ్వు వాసన, తాలింపు ఘాటు, మావారి యూనిఫాం చెమట వాసన అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే తిరిగి తిరిగి చివరికి నా తలనొప్పిగా స్థిరపడేవి.

అది కూడా భరించేదాన్నేమో. షిఫ్టులే నన్ను చంపాయి. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. రాత్రి షిఫ్టు వారంలో ఆయన పొద్దున్నే వచ్చి, ఇంత తిని, సాయంత్రం నాలుగింటిదాకా నిద్రపోయేవారు. ఈగలూ వెలుతురూ రాకూడదని తలుపు మూసెయ్యాలి. ఇక ఆ చీకట్లో నేను. బియ్యంలో రాళ్లు ఏరుకుందామన్నా కనబడదు. గాజులు చప్పుడు చేస్తాయని మోచేతిదాకా పైకి తోసుకుని కూర్చునేదాన్ని. ఆయన గురక వింటూ, రేకు అంచున సన్నగా గీతలా పడే వెలుగు నేలమీద ఎంత దూరం జరిగిందో చూసుకుంటూ పొద్దు లెక్కపెట్టేదాన్ని. కొన్ని రోజులు ఊపిరి అందక, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేదాన్ని. మా పుట్టింట్లో గదికి రెండు కిటికీలు. అవి ఉన్నాయన్న సంగతే అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు తెలీదు.

వాకిట్లోకి వెళ్లి కూర్చోవచ్చుగా అంటారేమో. అది ఇంటావిడ వాకిలి. ఆమె మాట పొట్టిగా, గట్టిగా ఉండేది. నేను గుమ్మం దాటగానే పేడ చేతులతో లేచి, "ఏందమ్మా, ఏం గావాలె?" అనేది. గోదావరి నీళ్లు తాగి పెరిగిన నా చెవికి అది నిలదీసినట్టే వినబడేది. "ఏమీ లేదండీ పిన్నిగారూ" అని, కాసేపు బర్రెల్ని చూసినట్టు నటించి వెనక్కి వచ్చేసేదాన్ని. ఆమెకి మేమంటే పడదని మొదటివారంలోనే తేల్చేసుకున్నాను. తీర్పులివ్వడంలో నాది ఎప్పుడూ తొందరే.

కిటికీ సంగతి మావారే అడిగారు. ఆమె పాలు పితుకుతూ, తల తిప్పకుండానే చెప్పింది. "గోడ నాది. కర్ర మీది, కష్టం మీది. పెట్టుకోన్రి. నన్ను మాత్రం పరేషాన్ చెయ్యకున్రి."

వడ్రంగిని ఆ ఊళ్లో వడ్లాయన అంటారు. రోడ్డు పక్క పాకలో కూర్చుని పనిచేసేవాడు. ఊరి రైతులు ఏటేటా గింజలు కొలిచి ఇస్తారు కాబట్టి ముందు వాళ్ల పని, ఆ తర్వాతే మాలాంటి అద్దె జనం పని. మావారు వెళ్లి అడిగితే నాగలి చెక్కుతూ నవ్వాడట. "ఇగ వానలు వడ్తయి సారూ. నాగండ్లు గావాలె, బండ్లు గావాలె. కిటికి లేకుంటె ఎవరన్న సచ్చిన్రా? జొన్నలు కోసినంక రాన్రి." జొన్నలు కోసేసరికి నేను ఉంటానో ఊడతానో నాకే నమ్మకం లేదు.

కర్ర మాత్రం వచ్చింది. ఫ్యాక్టరీకి విదేశాలనుంచి యంత్రాలు పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేవి. ఖాళీ అయిన పెట్టెల చెక్కని ఉద్యోగులకి చీటీలు తీసి పంచేవారు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఏ గదిలోకి వెళ్లినా బల్లా, స్టూలూ, దేవుడి పీటా అన్నీ ఆ తెల్లటి తేలిక చెక్కే, వాటినిండా ఎవరికీ చదవడం రాని నల్లటి అక్షరాలే. మా వంతుకు వచ్చిన పలకలమీద ఒక గొడుగు బొమ్మ, ఒక గాజుగ్లాసు బొమ్మ, పైకి చూపించే బాణమూ ఉన్నాయి. మావారు ఒక సహోద్యోగి దగ్గర రంపమూ సుత్తీ ఉలీ తెచ్చుకుని, ఆదివారం పూట లుంగీ ఎగ్గట్టి రంగంలోకి దిగారు. ఒక పలక సగం కోశారు. గీత ఒకవైపు, కోత ఇంకోవైపు. తర్వాత బొటనవేలు కోసుకున్నారు. నేను పసుపు అద్ది కట్టుకట్టాక, "వడ్లాయన రానీలే, తొందరేముంది" అని పడుకున్నారు.

తొందరేముందట! పగలంతా నిద్రపోయే మనిషికి కిటికీ ఎందుకు కావాలి? ఆ కోపంతోనే మర్నాడు ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్లగానే తలుపు దగ్గరగా వేసి, పలకని రుబ్బురోలుమీద ఆనించి, కాలితో తొక్కిపట్టి రంపం పెట్టాను.

రంపం ముందుకు కదలదు. కదిలితే ఎగిరి గీత దాటుతుంది. అరగంటలో బెత్తెడు కోశాను. భుజం పడిపోయింది, అరచేతిలో పొక్కు లేచింది. కానీ చివరికి ముక్క తెగి కిందపడ్డప్పుడు నాకు కలిగిన ఆనందం నా పెళ్లినాడు కూడా కలగలేదు, దాచడమెందుకు. ఆ తర్వాత మేకు కొట్టబోతే పలక నిలువునా చీలిపోయింది. ఇంకోటి కొడితే అదీ చీలింది. కిరసనాయిలుకి వెళ్తూ వడ్లాయన పాక ముందు చెప్పు తెగినట్టు నిలబడి చూశాను. అతను మేకు కొట్టేముందు దాన్ని తలకిందులు చేసి, మొనమీద సుత్తితో ఒక చిన్న దెబ్బ వేస్తున్నాడు. మొన మొద్దుబారితే చెక్క చీలదన్నమాట. "ఏం జూస్తున్నవమ్మా?" అన్నాడు. "ఏమీ లేదండీ" అని డబ్బా ఊపుకుంటూ వచ్చేశాను. అడిగితే ఇంకో నాలుగు చెప్పేవాడేమో. అడగడం నా వల్ల అయ్యేది కాదు.

చిత్రిక లేదు కాబట్టి పగిలిన సీసా పెంకుతో పలకలు గీకి నునుపు చేశాను. ఒకదానిలో ఒకటి కూర్చునేలా మూలల్ని సగం మందానికి కోయడం, మా దేవుడి మందిరం తిరగేసి చూసి నేర్చుకున్నాను. ఇక కొలత దగ్గర బోర్లాపడ్డాను. ఇంట్లో టేపు లేదు. నా లంగా నాడా ఒకటి కొత్తది ఉంటే, దాన్ని గోడలోని ఖాళీకి అడ్డంగా పట్టి ఒక ముడి, నిలువుగా పట్టి ఇంకో ముడి వేసుకున్నాను. ఇంతలో రాత్రి షిఫ్టు వారం వచ్చిపడింది. చప్పుడు చేయడానికి లేదు. ఆ వారంలో బట్టలతోపాటు ఆ నాడా కూడా ఉతికి ఆరేశాను. ముడులు భద్రంగానే ఉన్నాయి కదా అనుకున్నాను. తర్వాతి వారం వాటి ప్రకారం కోసి, చట్రం బిగించి, గోడలో నిలబెడితే నాలుగు వైపులా వేలు దూరేంత సందు. కొత్త నాడా ఒక్క ఉతుకుకి కుదించుకుపోతుందని ప్రతి ఆడదానికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ లంగా కట్టుకునేటప్పుడు తెలిసిన సంగతి కిటికీ కొలిచేటప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ చట్రాన్ని ఊడదీసి రెండోది చేశాను. ఈసారి కొలతల జోలికి పోకుండా, పలకనే ఖాళీలో ఆనించి బొగ్గుతో గీత గీసుకున్నాను. రెండోది గోడలో బిగుతుగా కూర్చుంది. దాన్ని మళ్లీ బయటికి లాగి గోడకి ఆనించిపెట్టాను. రెండు రెక్కలూ చేసి మడతబందులు వేస్తే తప్ప రేకు పీకడానికి లేదు. మధ్యలో పీకితే పామో కోతో రాత్రికి మాతోపాటే పడుకుంటుంది.

అప్పటికి వానలు మొదలయ్యాయి. ఒకరోజు స్టవ్వు వెలిగించగానే కడుపులో తిప్పింది. రెండోరోజూ అంతే. వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. నెల తప్పి అప్పటికే ఇరవై రోజులు.

ఎవరైనా సంతోషిస్తారు. నాకు గుండెల్లో రాయి పడింది. మా వైపు కట్టుబాటు ఏమిటంటే, ఇంట్లో మనిషి కడుపుతో ఉంటే ఆ ఇంటికి సంబంధించిన పని ఏదీ చేయకూడదు. గోడ తవ్వకూడదు, గుమ్మం ఎత్తకూడదు, మేకు కొట్టకూడదు. కొడితే ఆ దెబ్బ బిడ్డకి తగులుతుందంటారు. మా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మా వంటింటి తలుపు బందు ఊడితే, వాడు పుట్టేదాకా దాన్ని తాడుతో కట్టే వాడుకున్నాం. నేను నోరు విప్పానంటే ఇక నెలల తరబడి ఈ గదిలో సుత్తి లేవదు. మావారికి చెబితే మర్నాటి తపాలాలో మా అత్తగారికి ఉత్తరం వెళ్తుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. రెండు రెక్కలే కదా, పదిహేను రోజుల పని, ఆ తర్వాత తీరిగ్గా చెబుదాం అనుకున్నాను.

నేను అలాంటివి నమ్మనని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. మేకుకీ బిడ్డకీ ఏం సంబంధం? అయినా మేకు నిలబడేదాకా పట్టుకుని, ఆ తర్వాత ఎడంచేయి తీసి పొట్టకి అడ్డం పెట్టుకుని మరీ సుత్తి ఎత్తేదాన్ని. నమ్మని మనిషి చేసే పనేనా అది? కొట్టిన ప్రతిసారీ లోపల ఎక్కడో లెక్క పడేది. ఆపేద్దామనుకునేదాన్ని. ఆపితే వచ్చే ఎండాకాలం కూడా ఈ చీకట్లోనే అని గుర్తొచ్చి ఇంకోటి కొట్టేదాన్ని. తినబుద్ధి లేదు, నిద్ర లేదు. గదిలో ఇరుక్కున్నది చాలక, నా మనసులో నేనే ఇరుక్కున్నాను.

ఒక రెక్క పూర్తయి, రెండోది సగంలో ఉండగా మా అత్తగారు కొత్త కాపురం చూడడానికి వచ్చారు, ఆవకాయ జాడీతో సహా. మొదటి రెండు రోజులూ నా వడ్రంగం చూసి మురిసిపోయారు. "మా వాడికి చేతకాకపోయినా కోడలికి వచ్చింది" అని కొడుకుని ఎగతాళి చేశారు. మూడోరోజు మధ్యాహ్నం, మావారు షిఫ్టుకి వెళ్లాక, నేను సుత్తి పట్టుకుని ఉండగానే వాంతి తన్నుకొచ్చింది. వాకిట్లోకి పరిగెత్తి, కక్కుకుని, మొహం కడుక్కుని వచ్చేసరికి ఆవిడ చట్రం పక్కన నిలబడి ఉన్నారు.

"ఎన్నో నెల?"

"మూడో నెల వచ్చిందండీ అత్తయ్యా."

"వాడికి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"తెలిసీ మేకులు కొడుతున్నావా? నిన్ననూ? ఇవాళానూ?" ఆవిడ గొంతు వాకిలి దాటింది. "నీకు బిడ్డ కావాలా, కిటికీ కావాలా?"

రెండూ కావాలని అనలేకపోయాను. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆవిడ మంచి మనిషే. కళ్లనీళ్లు పెట్టుకుని, నా చేతిలోంచి సుత్తి తీసుకుని, రంపమూ ఉలీ అన్నీ గోనెసంచిలో మూటగట్టి మంచం కిందికి తోశారు. ఆ కేకలకి ఇంటావిడ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. నన్నూ, అత్తగారినీ, పలకల్నీ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది. తన గోడ బతికిపోయిందని సంతోషిస్తోంది కాబోలనుకుని నేను మొహం తిప్పేసుకున్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

కొడుకు చేత కూడా అత్తగారు ఒట్టు వేయించుకున్నారు. కడుపుతో ఉన్నదాని మొగుడు సుత్తి పట్టడం మరీ దోషమట. మావారు ఎంతో సంతోషంగా ఒట్టు వేశారు. ఇక మిగిలింది నేనూ, గోడకి ఆనించిన చట్రమూ. మంచంమీద పడుకుని చూస్తే చట్రంలోంచి కూడా గోడే కనబడేది.

ఏడో నెలలో పుట్టింటికి వెళ్లాను. అక్కడి ఆసుపత్రిలోనే పాప పుట్టింది. నర్సు తెచ్చి పక్కన పడుకోబెట్టగానే, అందరూ మొహం ఎవరి పోలికో చెప్పమంటుంటే, నేను గుడ్డ విప్పేసి పాప ఒళ్లంతా వెతికాను. వీపు తిప్పి చూశాను, చంకలు ఎత్తి చూశాను, అరికాళ్లు చూశాను. మచ్చో, గాటో, మేకు దిగిన గుర్తో ఎక్కడైనా ఉందేమోనని. ఏమీ లేదు. "ఏంటమ్మా వెతుకుతున్నావు?" అంది నర్సు. గబగబా గుడ్డ చుట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. నేను నమ్మని సంగతి నాలో ఎంత లోతుకు పాతుకుందో ఆ రోజు తెలిసింది.

మూడో నెల పాపనెత్తుకుని లింగంపల్లి వచ్చాను. గోనెసంచి మంచం కిందే ఉంది. ఇక అడ్డేముంది, రెండు వారాల్లో కిటికీ తెరుస్తాననుకున్నాను. మొదటి దెబ్బకే పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. రాత్రి షిఫ్టు వారంలో ఇద్దరూ పగలే నిద్ర. మిగతా వారాల్లో పాప ఒక్కతే నిద్ర, కానీ కోడికునుకు. అది మేలుకుని ఉన్నప్పుడు నా చంక దిగదు. ఉలి చేతిలోకి తీసుకోగానే ఏడుపు అందుకుంటుంది. ఒక్కో మేకుకి ఒక్కో రోజు పట్టింది. ఇదివరకు ఒక నిద్రకి కాపలా కాసేదాన్ని, ఇప్పుడు రెండు నిద్రలకి. ఎండలు ముదిరాయి. పాప ఒళ్లంతా చెమటకాయలు పేలిపోతే దాన్ని ఒళ్లో పెట్టుకుని చాటతో విసురుతూ కూర్చునేదాన్ని. చాట ఆపితే ఏడుస్తుంది. ఆపకపోతే నా చేయి విరుగుతుంది. నాకు కిటికీ కావాలనిపించడం మానేసి, పాపకి కావాలనిపించడం మొదలైంది. అయినా పని నత్తనడకే. రెండో రెక్క పూర్తయ్యేసరికి మళ్లీ చలిగాలి తిరిగింది. బందులు వేసి రెక్కలు చట్రానికి తగిలించాను. తెరిచి మూసి చూశాను. ఒక రెక్క కొంచెం మొరాయించినా, అది కిటికీయే. ఇక గోడలో నిలబెట్టి చీలలు బిగించి రేకు పీకడమే మిగిలింది.

ఆ వారమే మళ్లీ నెల తప్పింది.

నవ్వొచ్చింది, ఒట్టు. గట్టిగా నవ్వితే పాప కూడా నవ్వింది. తర్వాత చట్రం పక్కన కూలబడి ఏడ్చాను. ఈసారి దాచలేను. దాచి మేకు కొట్టి, మళ్లీ ఒక పసిబిడ్డ ఒళ్లంతా వెతుక్కునే ధైర్యం నాకు లేదు. ఎవరో ఆపాల్సిన అవసరం కూడా లేకపోయింది. సుత్తిని నేనే సంచిలో పెట్టి మూతి కట్టేశాను. తర్వాతి వారం, మావారు రాత్రి షిఫ్టు చేసొచ్చి నిద్రపోతుండగా, ఆ కిటికీ కళ్లముందు ఉండడం భరించలేక, పాపని ఆయన పక్కన పడుకోబెట్టి, దాన్ని ఈడ్చుకుంటూ ఇంటావిడ వాకిట్లోకి వెళ్లాను.

ఆమె బర్రెలకి కుడితి కలుపుతోంది. "ఏందమ్మా, ఏం గావాలె?"

"ఇది మీ పొయ్యిలోకి పనికొస్తుందేమోనండీ పిన్నిగారూ."

ఆమె చేయి కడుక్కుని వచ్చి రెక్క తెరిచింది, మూసింది. మూలల్లో అతుకుల్ని వేలితో తడిమింది. "గింత మంచిగ జేసిన కిటికిని పొయిల వెట్టమంటవా? దిమాగ్ ఖరాబైందా?"

ఆ మాటతో నా కట్ట తెగింది. "మళ్లీ నెల తప్పిందండీ" అన్నాను.

"గయితె?"

"కడుపుతో ఉంటే ఇంట్లో మేకు కొట్టకూడదు కదండీ."

"ఎవరింట్ల?"

"మా ఇంట్లో."

"మీ ఇల్లేడిది? ఇల్లు నాది."

చెంప చెళ్లుమన్నట్టయింది. అద్దెకున్నవాళ్లమని ఇంత సమయం చూసి గుర్తుచేయాలా అనుకున్నాను. "అవునండీ, మీదే" అన్నాను.

"కడుపెవరిది?"

"నాది."

"మరి? నాకేమన్న కడుపా?" కొంగు నడుముకి చుట్టింది. "గా కట్టుబాటు ఇంటిగలోల్లకు. కిరాయికున్నోల్లకు గాదు. నా ఇంట్ల నేను మొల కొట్టుకుంటె ఎవడేమంటడు? నువ్వు సుత్తె ముట్టకు. జర దూరం నిలబడు."

ఆమె కొట్టంలోంచి గడ్డపార తీసుకుని, ఆ కిటికీని ఒంటిచేత్తో ఎత్తి మా గదిలోకి నడిచింది. "సారూ, జర లెవ్వు. మంచం అటు జరుపు" అంది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మావారు ఏం జరుగుతోందో తెలియకుండానే లేచి, పాపని ఎత్తుకుని, మంచం జరిపారు. రెండేళ్లుగా గాజులు కూడా మోగనివ్వకుండా నేను కాపాడిన నిద్ర అది. ఆమె ఒక్క మాటతో లేపేసింది. ఆయనకి ఏమీ కాలేదు.

చట్రం నిలబెట్టి, చుట్టూ చీలలు దిగ్గొట్టి, రాళ్లు పేర్చి, మట్టి మెత్తింది. ప్రతి దెబ్బకీ నా చేయి పొట్టమీదికి వెళ్లబోయి ఆగింది. తర్వాత ఆమె వెనక్కి వెళ్లి, బయటినుంచి గడ్డపారతో రేకు పెళ్లగించింది. వెలుగు ఒక్కసారిగా పడేసరికి పాప కళ్లు చిట్లించి తండ్రి భుజంలో మొహం దాచుకుంది. గోడలకి ఎంత మసి పట్టిందో అప్పుడు కనబడింది.

కిటికీ అవతల, జొన్నచేను గట్టుమీద నిలబడి, ఇంటావిడ మొహం తుడుచుకుంటోంది. నాకు ఒకటే అడగాలనిపించింది. ఈసారి అడిగాను.

"పిన్నిగారూ, మొదటిసారి మా అత్తగారు కేకలేసినప్పుడు మీరు గుమ్మంలోనే ఉన్నారు కదండీ. ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వస్తి. అత్తాకోడండ్ల లొల్లి, నడుమ నేనెందుకని ఆగిన. నువ్వొచ్చి అడుగుతవని నాలుగు రోజులు చూసిన." ఆమె రేకుని కాలితో పక్కకి తోసింది. "నువ్వు మొకం తిప్పుకొని పోతివి. రోజు 'ఏందమ్మా, ఏం గావాలె' అని నేను అడుగుడు, ఏం లేదని నువ్వు లోపటికి వోవుడు. నాతోని మాట్లాడుడు నీకు ఇష్టం లేదనుకున్న."

ఆమెకి నేనంటే పడదని రెండేళ్లు నేను అనుకున్నాను. నాకు తనంటే పడదని ఆ రెండేళ్లూ తను అనుకుందట. మా గుమ్మానికీ ఆమె గుమ్మానికీ మధ్య పన్నెండు అడుగులు ఉంటాయేమో. ఆ పన్నెండు అడుగులు నడిచి, నాకు లోపల ఊపిరాడడం లేదని ఒక్కసారి చెప్పి ఉంటే, పాప ఆ ఎండాకాలం చెమటకాయలతో ఏడ్చేది కాదు.